కంపెనీ కారుకు వర్చువల్ ఆఫీస్ చిరునామాతో రిజిస్ట్రేషన్: సన్నాహం నుంచి ఆర్‌సీ చేతికి అందే దాకా

ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని, ఇంటి నుంచే పని చేసుకుంటూ, కంపెనీ నమోదు కోసమూ జీఎస్టీ కోసమూ ఏడాది చందా మీద వర్చువల్ ఆఫీస్ చిరునామా (పూర్తిస్థాయి ఆఫీసు లేకుండా, ఒక సెంటర్ వాడుకోనిచ్చే చిరునామా) తీసుకున్నవారు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాలలో చాలామంది ఉన్నారు. వారు కంపెనీ పేరిట కారు కొనబోయేటప్పుడు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు: ఆ చిరునామా మీద ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) వస్తుందా?

వస్తుంది. అయితే ఆ చిరునామాకూ కంపెనీకీ బండికీ ఉన్న సంబంధం నిజమైనదై ఉండాలి, దానిని చూపే పత్రాలు ముందే సిద్ధంగా ఉండాలి. షోరూంలో డబ్బు కట్టిన తర్వాత పత్రాల కోసం వెతకడం మొదలుపెట్టినవారే ఎక్కువగా ఇబ్బంది పడుతున్నారు. అందువల్ల ఈ మార్గదర్శిలో సగానికి పైగా బండి బుక్ చేయడానికి ముందు చేయవలసిన పనుల గురించే ఉంటుంది.

1. బండి రాత్రిళ్లు ఎక్కడ ఉంటుందో ముందుగా తేల్చుకోండి

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 40వ సెక్షన్ ప్రకారం, యజమాని నివాసం గాని, వాహనాన్ని సాధారణంగా ఉంచే వ్యాపార స్థలం గాని ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రంలోనే రిజిస్ట్రేషన్ చేయించాలి. 2019 సవరణతో ఆ రాష్ట్రంలోని ఏ రిజిస్టరింగ్ అధికారి వద్దనైనా చేయించుకునే వీలు చట్టంలోకి వచ్చింది గాని, ‘సాధారణంగా ఉంచే’ అన్న నియమం అలాగే ఉంది. కాబట్టి చిరునామా ఎంత ఖరీదైన భవనంలో ఉందన్నది కాదు, బండి ఎక్కడ నిలుస్తుందన్నదే అసలు విషయం. మీ పరిస్థితి ఈ మూడింటిలో ఏదో చూసుకోండి.

మొదటిది: వర్చువల్ ఆఫీస్ ఉన్న భవనంలోనే మీకు పార్కింగ్ స్థలం ఉంది, బండి అక్కడే ఉంటుంది. ఇందులో చిక్కు లేదు. ఆ పార్కింగ్ సంగతి ఒప్పందంలో రాయించుకుంటే చాలు.

రెండవది: చిరునామా మాదాపూర్‌లో ఉంది, బండి మాత్రం ఉప్పల్‌లోని డైరెక్టర్ ఇంటి ముందు ఉంటుంది. రాష్ట్రం ఒకటే కాబట్టి పన్ను ఎగవేత అన్న ప్రశ్న రాదు. అయినా ఈ పరిస్థితిలో నేను ఇచ్చే సలహా ఏమిటంటే, డైరెక్టర్ ఇంటిని జీఎస్టీలో అదనపు వ్యాపార స్థలంగా చేర్పించి, ఆర్‌సీకి ఆ ఇంటి చిరునామానే ఇవ్వండి. వర్చువల్ ఆఫీస్ చందా ఆగిపోయినా ఆర్‌సీ చిరునామా చెక్కుచెదరదు.

మూడవది: బండి తిరిగేది, నిలిచేది హైదరాబాద్‌లో, చిరునామా మాత్రం పన్ను తక్కువని వేరే రాష్ట్రంలో తీసుకున్నారు. దీనిని చేయవద్దు. 2017లో కేరళలో వాడుతున్న ఖరీదైన కార్లను పుదుచ్చేరి చిరునామాలతో రిజిస్టర్ చేయించిన వ్యవహారం బయటపడి, ప్రముఖుల మీద సైతం కేసులు నమోదయ్యాయి. తప్పుడు పత్రాలతో గాని, వాస్తవాలను తప్పుగా చూపి గాని పొందిన రిజిస్ట్రేషన్‌ను 55వ సెక్షన్ కింద రద్దు చేయవచ్చు. 2019 సవరణతో చేర్చిన 192బి సెక్షన్‌లో అయితే ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు శిక్షతో పాటు, వార్షిక పన్నుకు పది రెట్లు గాని జీవితకాల పన్నులో మూడింట రెండు వంతులు గాని, ఏది ఎక్కువైతే అంత జరిమానా ఉంది. వేరే రాష్ట్రపు బండిని ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచితే 47వ సెక్షన్ ప్రకారం ఎలాగూ కొత్త నంబరు తీసుకోవాలి. మిగిలిందనుకున్న పన్ను అప్పుడు కట్టవలసిందే.

2. బండి ఎవరి పేరిట ఉండాలి?

సొంత పేరుతో లేదా ఒక దుకాణం పేరుతో ఒక్కరే నడుపుకునే వ్యాపారానికి చట్టం దృష్టిలో వేరే అస్తిత్వం లేదు. యజమాని ఆ వ్యక్తే. అటువంటివారు తమ పేరిట, ఆధార్‌లో ఉన్న ఇంటి చిరునామాతో బండి కొనుక్కోవచ్చు. వర్చువల్ ఆఫీస్ పత్రాలు వారికి అక్కరలేదు.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), భాగస్వామ్య సంస్థల విషయంలో మాత్రం సంస్థ పేరిట రిజిస్టర్ చేయించవచ్చు. వ్యక్తి పేరిట ఉన్న కారుకూ కంపెనీ పేరిట ఉన్న కారుకూ జీవితకాల పన్ను లెక్క ఒకటే అనుకోకండి. షోరూంలో కొటేషన్‌ను మొదటి రోజే కంపెనీ పేరిట వేయించుకోండి. అలాగే సాధారణ కారు మీద కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవడానికి, అంటే తాము కట్టవలసిన జీఎస్టీ నుంచి తగ్గించుకోవడానికి, ఎక్కువ కంపెనీలకు వీలుండదు. పదమూడు సీట్ల దాకా ఉన్న ప్రయాణికుల వాహనాలపై ఆ క్రెడిట్‌ను జీఎస్టీ చట్టంలోని 17(5) సెక్షన్ ఆపుతుంది. కార్లు అమ్మేవారికి, ప్రయాణికులను చేరవేసేవారికి, డ్రైవింగ్ నేర్పేవారికి మినహాయింపు ఉంది. ఈ రెండు లెక్కలూ చూసుకున్న తర్వాత కంపెనీ పేరిట వద్దనుకున్నవారు నాకు తెలిసి కొందరున్నారు.

విదేశాల్లో ఉంటూ హైదరాబాద్‌లో పేరుకు ఒక కంపెనీ ఉన్న మనవాళ్లు, అమ్మానాన్నల కోసం ఆ కంపెనీ పేరిట కారు కొనాలనుకుంటారు. కారు వాడేది తల్లిదండ్రులైనప్పుడు వారి పేరిట, వారి ఇంటి చిరునామాతో కొనడమే సరైన పద్ధతి.

బీహెచ్ సిరీస్ (రాష్ట్రం మారినా మార్చుకోనక్కరలేని ‘భారత్’ నంబర్లు) గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2021 సెప్టెంబర్ 15 నుంచి అమలులోకి వచ్చిన ఈ సిరీస్ ఉద్యోగుల సొంత వాహనాల కోసం ఏర్పడింది. కంపెనీ పేరిట ఉన్న బండికి రాదు. ప్రైవేటు ఉద్యోగి అయితే అతని సంస్థకు నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాలలో కార్యాలయాలు ఉన్నాయని ఫారం 60లో ధ్రువీకరించాలి. నాలుగు ఊళ్లలో నాలుగు వర్చువల్ చిరునామాలు కొని ఆ ఫారం మీద సంతకం చేసే యజమాని, అక్కడ సిబ్బంది గాని పని గాని లేకపోతే, తప్పుడు ధ్రువీకరణకు తానే జవాబుదారీ అవుతాడు.

3. వర్చువల్ ఆఫీస్ ఒప్పందాన్ని పరీక్షించండి

ఈ సెంటర్లు సాధారణంగా మూడు రకాల ప్యాకేజీలు అమ్ముతాయి: ఉత్తరాలు తీసుకోవడానికి మాత్రమే, జీఎస్టీ కోసం, కంపెనీ నమోదు కోసం. మొదటి రకం ప్యాకేజీతో బండి రిజిస్ట్రేషన్‌కు ప్రయత్నించవద్దు. ఆ ప్యాకేజీలో మీకు దక్కేది ఉత్తరాలు తీసుకునే సేవ మాత్రమే. స్థలం మీద ఏ హక్కూ ఉండదు.

తర్వాత చూడవలసింది హక్కుల గొలుసు. భవన యజమాని సెంటర్ నిర్వాహకునికి అద్దెకిస్తాడు, నిర్వాహకుడు మీకు ఇస్తాడు. కరెంటు బిల్లు భవన యజమాని పేరిట ఉంటుంది, మీ ఒప్పందం నిర్వాహకునితో ఉంటుంది. మధ్యలో ఉండవలసిన కాగితం, అంటే ఇతరులకు ఇవ్వడానికి నిర్వాహకునికి యజమాని ఇచ్చిన అనుమతి, చాలా ఫైళ్లలో కనిపించదు. అది లేకపోతే మీ ఒప్పందం ఎంత మంచి స్టాంపు కాగితం మీద ఉన్నా నిలబడదు.

చందా కట్టే ముందు వీటికి లిఖితపూర్వకంగా జవాబు తీసుకోండి:

• ఒప్పందంలో మీ కంపెనీ పూర్తి పేరు, గది లేదా సీటు నంబరు, అంతస్తు ఉన్నాయా?
• భవన యజమాని ఎన్‌ఓసీలో (నిరభ్యంతర పత్రంలో) మీ కంపెనీ పేరు ఉందా, లేక అందరికీ ఒకే నమూనా కాగితం ఇస్తున్నారా?
• రెండు నెలలకు మించి పాతబడని కరెంటు బిల్లు ఇస్తారా? హైదరాబాద్‌లో టీజీఎస్‌పీడీసీఎల్, విశాఖలో ఏపీఈపీడీసీఎల్ బిల్లు అడగండి.
• ఇంటి పన్ను రసీదులోని యజమాని పేరు, కరెంటు బిల్లులోని పేరు ఒకటేనా?
• వాహన రిజిస్ట్రేషన్‌కు చిరునామా వాడుకోవడానికి ఒప్పందం అనుమతిస్తోందా? కొన్ని ఒప్పందాలలో కంపెనీ నమోదు, జీఎస్టీ, బ్యాంకు ఖాతా అని మాత్రమే రాసి ఉంటుంది.
• మీ కంపెనీ పేరు బోర్డు పెడతారా? కంపెనీల చట్టం, 2013 లోని 12వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్డ్ ఆఫీస్ వద్ద పేరు బోర్డు ఉండాలి.
• స్పీడ్ పోస్ట్ వస్తే ఎవరు సంతకం చేసి తీసుకుంటారు, ఎన్ని గంటల్లో మీకు తెలియజేస్తారు?
• పార్కింగ్ ఇస్తే స్థలం నంబరు ఎంత?

ఒప్పందం సాధారణంగా పదకొండు నెలలకు ఉంటుంది.  మీ ఒప్పందం గడువులో కనీసం ఆరు నెలలు మిగిలి ఉండగానే బండి బుక్ చేయండి. నెల రోజుల్లో ముగిసే ఒప్పందాన్ని జతపరిస్తే పరిశీలించే అధికారికి సందేహం రావడం సహజం.

4. చిరునామాను అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంచండి

తిరస్కరణలలో నేను ఎక్కువగా చూసినది ఇదే. ఒక కంపెనీ ఫైలులో జీఎస్టీ సర్టిఫికెట్ మీద ‘3వ అంతస్తు, ఫ్లాట్ నం. 301’ అని, ఒప్పందంలో ‘యూనిట్ 301-ఏ’ అని, షోరూం ఇన్‌వాయిస్‌లో భవనం పేరు మాత్రమే అని ఉంది. మూడూ ఒకే గది. ఆ సంగతి కౌంటర్ దగ్గర కూర్చున్న ఉద్యోగికి తెలిసే అవకాశం లేదు. ఆయన ఎర్ర పెన్నుతో మూడు చోట్లా సున్నాలు చుట్టి కాగితాలు వెనక్కి ఇచ్చాడు.

జిల్లా పేరు దగ్గర కూడా పొరపాట్లు జరుగుతాయి. మాదాపూర్ చిరునామాకు అందరూ అలవాటుగా హైదరాబాద్ అని రాస్తారు గాని అది రంగారెడ్డి జిల్లా, శేరిలింగంపల్లి మండలం. తెలంగాణ బండి నంబర్లలో టీజీ 09 ఖైరతాబాద్‌ది, టీజీ 07 రంగారెడ్డిది. దరఖాస్తులో జిల్లాను తప్పుగా ఎంచుకుంటే స్లాట్ వేరే కార్యాలయానికి వెళ్లవచ్చు.

ఒక తెల్ల కాగితం తీసుకుని జీఎస్టీ సర్టిఫికెట్‌లో ఉన్న చిరునామాను ఉన్నది ఉన్నట్టు రాయండి. దానినే ప్రమాణంగా పెట్టుకుని, షోరూం, బ్యాంకు, బీమా కంపెనీలకు అదే పంపండి, నోటితో చెప్పవద్దు. కంపెనీ పేరును కూడా పాన్ కార్డులో ఉన్నట్టే రాయాలి. ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని ఉన్నచోట ‘ప్రై. లి.’ అని కుదించవద్దు.

5. సిద్ధం చేసుకోవలసిన పత్రాలు

కంపెనీకి సంబంధించినవి:

• ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, పాన్ కార్డు
• జీఎస్టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, అనుబంధాలతో సహా
• బండి కొనుగోలుకూ సంతకాలకూ ఒకరిని అధీకృతం చేస్తూ బోర్డు తీర్మానం. భాగస్వామ్య సంస్థ అయితే భాగస్వామ్య పత్రం, భాగస్వాముల అంగీకార లేఖ
• సంతకం చేసే వ్యక్తి ఆధార్, పాన్
• కంపెనీ ముద్ర

చిరునామాకు సంబంధించినవి: ఒప్పందం, యజమాని ఎన్‌ఓసీ, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, పార్కింగ్ లేఖ.

బండికి సంబంధించినవి షోరూం ఇస్తుంది: ఫారం 21 విక్రయ ధ్రువపత్రం, ఫారం 22 రోడ్డు యోగ్యతా పత్రం, ఇన్‌వాయిస్, బీమా, తాత్కాలిక రిజిస్ట్రేషన్. రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఫారం 20. రుణం ఉంటే అందులోనే బ్యాంకు వివరాలు నింపి, బ్యాంకు సంతకం కూడా తీసుకోవాలి.

జీఎస్టీ అనుబంధాల గురించి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. అదనపు వ్యాపార స్థలాలు సర్టిఫికెట్ మొదటి పేజీలో ఉండవు. అనుబంధం ‘ఏ’ లో ఉంటాయి. డైరెక్టర్ ఇంటి చిరునామా మీద బండి రిజిస్టర్ చేయిస్తూ మొదటి పేజీ మాత్రమే జతచేస్తే, అందులో వేరే చిరునామా కనిపించి దరఖాస్తు ఆగిపోతుంది.

6. ఏ పని తర్వాత ఏ పని

మొదట, ఒప్పందం, జీఎస్టీ, కంపెనీ రికార్డులలో చిరునామా సరిచూసి, తేడాలుంటే సవరించండి. జీఎస్టీ సవరణ చేతికి వచ్చేదాకా బుకింగ్ వాయిదా వేయండి.

రెండవది, బోర్డు తీర్మానం చేయండి. తీర్మానం తేదీ ఇన్‌వాయిస్ తేదీ కన్నా ముందుండాలి. బండి కొన్నాక రాసిన తీర్మానం చూడగానే తెలిసిపోతుంది.

మూడవది, రుణం తీసుకుంటుంటే బ్యాంకుకు చిరునామా పత్రాలు ఇవ్వండి. బ్యాంకు తరఫు మనిషి చెప్పకుండా వచ్చి చూస్తాడు. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి మీ కంపెనీ పేరు వినగానే ‘ఆ పేరుతో ఎవరూ లేరండీ’ అంటే రుణం అక్కడితో ఆగుతుంది. ముందు రోజే వెళ్లి, మీ పేరు, ఫోన్ నంబరు, వచ్చినవారికి చెప్పవలసిన వివరాలు ఆమెకు రాసి ఇవ్వండి. వారంలో కొన్ని గంటలైనా అక్కడ కూర్చుని పని చేయండి. జీఎస్టీ అధికారులు వచ్చినా, కంపెనీల రిజిస్ట్రార్ తరఫున తనిఖీ జరిగినా ఇదే ఉపయోగపడుతుంది.

నాలుగవది, ఇన్‌వాయిస్ ముసాయిదాను వాట్సాప్‌లో తెప్పించుకుని పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు సరిచూడండి. ముద్రించాక మార్పించడం కష్టం.

ఐదవది, బీమా. సొంత నష్టపు (మీ బండికే జరిగే నష్టానికి కట్టే) ప్రీమియం లెక్కకు మన నగరాలలో హైదరాబాద్ ‘ఏ’ జోన్‌లో ఉంటుంది, విజయవాడ, విశాఖ ‘బీ’ జోన్‌లో ఉంటాయి. రిజిస్ట్రేషన్ ఎక్కడైతే ఆ జోన్ పాలసీయే తీసుకోవాలి.

ఆరవది, తాత్కాలిక రిజిస్ట్రేషన్ షోరూంలో పూర్తవుతుంది. దాని గడువు కాగితం మీదే ఉంటుంది. ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఏడవది, ఫారం 20 నింపి, జీవితకాల పన్ను కట్టి, శాశ్వత రిజిస్ట్రేషన్ పూర్తి చేయండి. రవాణా కార్యాలయానికి వెళ్లవలసి వస్తే సంతకం చేసిన వ్యక్తే ముద్రతో, అసలు పత్రాలతో వెళ్లాలి.

ఎనిమిదవది, రవాణా శాఖ పోర్టల్‌లో నమోదైన మొబైల్ నంబరు ఎవరిదో చూడండి. షోరూం ఉద్యోగి తన నంబరే ఇచ్చేసిన సందర్భాలు తక్కువేమీ కాదు. చలాన్లు, ఓటీపీలు ఆ నంబరుకే పోతాయి. ఎప్పటికీ కంపెనీ చేతిలో ఉండే నంబరు ఇవ్వండి.

7. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

ఆర్‌సీ కార్డు తిరిగి వెళ్లిపోవడం. నేను పత్రాలు చూసిపెట్టిన ఒక కంపెనీకి ఇది జరిగింది. కార్డు స్పీడ్ పోస్ట్‌లో వచ్చిన రోజు సెంటర్‌లో రిసెప్షన్ మారింది, బోర్డు తీసేసి గోడకు రంగు వేస్తున్నారు. కవరు మీద పోస్ట్‌మన్ ‘ఈ పేరు గలవారు లేరు’ అని నీలం ఇంకుతో రాసి వెనక్కి పంపాడు. దానిని తిరిగి తెచ్చుకోవడానికి అధీకృత లేఖ, గుర్తింపు పత్రాలతో రవాణా కార్యాలయానికి మూడుసార్లు తిరగవలసి వచ్చింది. ఆర్‌సీ పంపినట్టు సందేశం రాగానే ట్రాకింగ్ నంబరు తీసుకుని, కార్డు అందేదాకా సెంటర్‌కు ఫోన్ చేస్తూ ఉండండి. ప్రాంత పోస్టాఫీసులో కంపెనీ పేరు, ఫోన్ నంబరు ముందే చెప్పి రావడం ఇంకా మంచిది.

సెంటర్ ఇచ్చిన నమూనా ఎన్‌ఓసీలో పాత కంపెనీ పేరు మిగిలిపోవడం. దిద్దిన కాగితం పనికిరాదు, కొత్తది రాయించండి.

ఒకే సీటు నంబరును సెంటర్ పలు కంపెనీలకు ఇవ్వడం. జీఎస్టీ పోర్టల్‌లో అదే చిరునామాతో చాలా నమోదులుంటే అధికారులు లోతుగా చూస్తారు. ప్రత్యేక సీటు నంబరు ఇవ్వమని పట్టుబట్టండి, ఇవ్వకపోతే సెంటర్ మార్చండి.

టాక్సీకి కూడా ఇదే పద్ధతి అనుకోవడం. పసుపు ప్లేటు బండికి పర్మిట్, ఫిట్‌నెస్ అదనంగా ఉంటాయి కాబట్టి బండిని నిలిపే స్థలం నిజంగా ఉన్న చిరునామానే ఎంచుకోండి.

8. వర్చువల్ ఆఫీస్ మారితే

చందా పునరుద్ధరణ తేదీకి రెండు నెలల ముందే నిర్ణయం తీసుకోండి. సెంటర్ మూతపడినా, మీరు మారినా గడువులు ఇవి:

• జీఎస్టీలో ప్రధాన వ్యాపార స్థలం మార్పు: 15 రోజుల్లో, ఆర్‌ఈజీ-14 ఫారం ద్వారా
• రిజిస్టర్డ్ ఆఫీస్ మార్పు: 30 రోజుల్లో, ఐఎన్‌సీ-22 ఫారం ద్వారా
• ఆర్‌సీలో చిరునామా మార్పు: మోటారు వాహనాల చట్టం 49వ సెక్షన్ ప్రకారం 30 రోజుల్లో, ఫారం 33 ద్వారా

ఆర్‌సీ మార్పుకు కొత్త జీఎస్టీ సర్టిఫికెట్ కావాలి కాబట్టి దానితోనే మొదలుపెట్టండి. రుణం ఉంటే బ్యాంకు నుంచి నిరభ్యంతర లేఖ తీసుకోండి. కొత్త ఆర్‌సీ వచ్చాక బీమాలో, ఫాస్టాగ్‌లో చిరునామా మార్పించండి.

కంపెనీ హైదరాబాద్ నుంచి విజయవాడకు మారి, బండి కూడా వెళ్తే అది వేరే రాష్ట్రం అవుతుంది. అప్పుడు ఫారం 33 సరిపోదు. తెలంగాణలో ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకుని, ఆంధ్రప్రదేశ్‌లో ఫారం 27తో కొత్త నంబరుకు దరఖాస్తు చేయాలి. ఎన్‌ఓసీ అడిగే ముందు పెండింగ్ చలాన్లన్నీ కట్టి, ఆ రసీదులను ఫైలులో పెట్టుకోండి.